దుబాయి ఆర్డరు, హాంకాంగ్ పైసలు, మూడో దేశంల డెలివరీ: ముసుగు కంపెనీని ఎట్ల గుర్తుపట్టాలె?

#1 మడికొండ_లేత్

మడికొండ, రాంపూర్ దిక్కు చిన్న సీఎన్సీ షాపులకు ఇప్పుడు బయటి దేశాల ట్రేడింగ్ కంపెనీలు నేరుగా మెయిల్ పెడుతున్నయి. అసొంటి ఎంక్వైరీ ఒకటి కింద రాస్తున్న, పేర్లు తీసేసిన.

సరుకు: 7075 అల్యూమినియం గొట్టం ముక్కలు, బయటి వ్యాసం 120 మి.మీ., 240 పీసులు, బోరు టాలరెన్సు 20 మైక్రాన్లలోపు. వాడకం: నీటి పంపుల స్లీవులట, అంటే షాఫ్టు మీద తొడిగే గొట్టాలు. కొనేది దుబాయి కంపెనీ. దించేది ఇంకో దేశపు రేవుల. పైసలు హాంకాంగ్ ఖాతా నుంచి, మొత్తం అడ్వాన్సు. రేటు మీద బేరమే లేదు.

అమెరికా ఆంక్షల ఆఫీసు ఓఫాక్ సైటుల ఆ కంపెనీ పేరు కొడితే ఏం రాలే. ఐక్యరాజ్యసమితి జాబితాల కూడా లేదు. ఇగ చేసుకోవచ్చా, ఇంకేమన్న చూడాలెనా?

#2 స్కోమెట్_కిటికీ

పేరు వెతకడం ఆఖరున చేసే పని. ముందు సరుకు చూడండి, ఎందుకంటే మీరు చెప్పిన దాంట్లో సమస్య అక్కడే ఉంది.

అణు రంగానికి పనికొచ్చే ద్వంద్వ వినియోగ వస్తువుల జాబితాలో అల్యూమినియం మిశ్రమాలకు ఒక గీత ఉంది. గది ఉష్ణోగ్రత దగ్గర, అంటే 293 కెల్విన్ దగ్గర, 460 మెగాపాస్కల్ లేదా ఆపైన తన్యతా బలం ఇవ్వగలగాలి. గొట్టం రూపంలోగానీ నిండు స్థూపంగాగానీ ఉండాలి. బయటి వ్యాసం 75 మి.మీ. దాటాలి. ఈ మూడూ కలిస్తే నియంత్రిత వస్తువు. మన దేశపు ఎగుమతి నియంత్రణ జాబితా స్కోమెట్ కూడా అంతర్జాతీయ జాబితాలతో సరిపోలేలా రాసిందే. వేడిచేసి గట్టిపరిచిన 7075, అంటే 7075-టి6, బలం సుమారు 570. మీ వ్యాసం 120. కాబట్టి కొనేవాడు ఎంత పేరున్న కంపెనీ అయినా, ఏ ఆంక్షల జాబితాలో లేకపోయినా, డీజీఎఫ్‌టీ (కేంద్ర విదేశీ వాణిజ్య డైరెక్టరేట్) లైసెన్సు లేకుండా ఈ ముక్క దేశం దాటకూడదు.

ఇక్కడ చాలామంది పడే గుంట ఇంకోటి. "మేం ఎనీల్ చేసిన (వేడిచేసి మెత్తబరిచిన) ఓ-టెంపర్ తీసుకుంటాం, దాని బలం 460 లేదు కదా" అంటారు. నిబంధనలో ఉన్నది "ఇవ్వగలిగిన" అన్న మాట. హీట్ ట్రీట్‌మెంట్‌కు ముందైనా తర్వాతైనా లెక్కలోకి వస్తుందని పక్కనే వివరణ కూడా ఉంది. కొన్నవాడు అక్కడ టి6కు తెచ్చుకుంటే చాలు.

6061-టి6 బలం 310 దగ్గర ఉంటుంది, ఆ గీతకు తగలదు. అంతమాత్రాన వదిలేసినట్టు కాదు. మహావిధ్వంసక ఆయుధాలకో క్షిపణులకో వెళ్తుందని తెలిసినా, నమ్మడానికి కారణం ఉన్నా, జాబితాలో లేని వస్తువుకు కూడా అనుమతి కావాలి. దాన్నే క్యాచ్-ఆల్ అంటారు.

#3 పంపుల_మెకానిక్_పెద్దపల్లి

ఆంక్షల సంగతి పక్కన పెట్టు తమ్మి, ఇంజనీరింగ్ తోనే దొరికిపోతున్నడు వాడు. నీటి పంపుల స్లీవుకు 7075 ఎవ్వడూ పెట్టడు. అండ్ల జింకు, రాగి ఎక్కువ, తడి తగిలితే తుప్పు, పైకెల్లి స్ట్రెస్ కొరోజన్‌తో పగుళ్ళు. పంపుకైతే స్టెయిన్‌లెస్ 410, 316, లేకపోతే గన్‌మెటల్. స్లీవుకు బయటి ఫినిష్ ముఖ్యం, గ్లాండ్ ప్యాకింగ్ రుద్దుకునేది అక్కడ్నే. వాడు లోపలి బోరు మీద అంత పట్టు పడుతున్నడంటే అది పంపుల వాడే ముక్క కాదు.

"ఏ పంపు మోడల్, ఎంత ఆర్‌పీఎం, ఏ ద్రవం" అని ఒక్క మెయిల్ పెట్టు. నిజంగ పంపుల పని చేసేటోడు గంటల జవాబిస్తడు.

#4 మడికొండ_లేత్

ముడిసరుకు వాళ్ళే పంపుతరట, మనది జాబ్ వర్క్ మాత్రమే. అప్పుడు కూడ లైసెన్సా?

#5 స్కోమెట్_కిటికీ

అప్పుడు కూడా. ముడిసరుకు ఎవరిదన్నది కాదు, షిప్పింగ్ బిల్లు మీద మీ ఐఈసీ (దిగుమతి, ఎగుమతి కోడ్) నంబరు ఉంటుంది, ఎగుమతిదారు మీరే. మెషీనింగ్ అయ్యాక వెళ్ళే వస్తువు స్పెసిఫికేషన్ ఏమిటన్నదే లెక్క. పైగా వాళ్ళ మెటల్‌కు మిల్ టెస్ట్ సర్టిఫికెట్ లేకపోతే తీసుకోకండి. హీట్ నంబరు (ఏ పోత నుంచి వచ్చిందో చెప్పే నంబరు) లేని కడ్డీ వస్తే అది 7075 అవునో కాదో కూడా మీకు తెలియదు.

#6 నిట్_పాత_బ్యాచ్

ఈ పద్ధతి కొత్తది కాదు. మలేషియాలో స్కోమీ ప్రెసిషన్ ఇంజనీరింగ్ అనే కంపెనీకి దుబాయిలోని గల్ఫ్ టెక్నికల్ ఇండస్ట్రీస్ నుంచి ఆర్డరు వచ్చింది. చమురు, గ్యాసు రంగానికి అనుకున్నామని ఆ కంపెనీ తర్వాత చెప్పింది. నిజానికవి పాకిస్తాన్ అణు శాస్త్రవేత్త ఏక్యూ ఖాన్ నెట్‌వర్క్ కోసం చేసిన, యురేనియం శుద్ధికి వాడే సెంట్రిఫ్యూజ్ భాగాలు. 2003 అక్టోబర్‌లో బీబీసీ చైనా అనే ఓడను ఇటలీ రేవుకు మళ్ళించి అయిదు కంటైనర్లు దించారు. వెళ్తున్నది లిబియాకు. డ్రాయింగ్ చూసి ముక్క చేసివ్వడమే ఆ వర్క్‌షాపు పని. ఇక్కడ అడుగుతున్న ప్రశ్న కూడా సరిగ్గా అదే.

పరిమాణం చూసి పట్టుకున్న కేసు ఇంకా బాగుంటుంది. అదే ఏడాది దక్షిణాఫ్రికా వ్యాపారి ఒకతను అమెరికా నుంచి 200 ట్రిగర్డ్ స్పార్క్ గ్యాపులు కొనబోయాడు. మూత్రపిండాల్లో రాళ్ళు పగలగొట్టే లిథోట్రిప్టర్లకని, సోవెటోలోని ఆసుపత్రికని కాగితాలు. ఆ ముక్క అణుబాంబు డిటోనేటర్లకూ పనికొస్తుంది. ఆసుపత్రి కొంటే ఒకసారికి అయిదో ఆరో కొంటుంది. తయారీదారు అధికారులకు చెప్పడంతో పనిచేయకుండా చేసిన 66 ముక్కలు మొదటి విడతగా పంపారు. అవి దక్షిణాఫ్రికా చేరి అక్కడి నుంచి పాకిస్తాన్‌కు వెళ్ళాయి. కేసు దాంతోనే నిలబడింది.

అంటే పేరు, అడ్రసు, ఉత్తరం అన్నీ శుభ్రంగా ఉన్నా, "ఈ పనికి ఇన్ని కావాలా" అన్న లెక్క దగ్గర దొరుకుతారు. నీటి పంపులకు 240 స్లీవులు కావచ్చేమో, కానీ ఒక్క విడి భాగం తప్ప ఇంపెల్లరూ షాఫ్టూ సీలూ ఏదీ అడగని పంపుల కంపెనీ ఏమిటి?

#7 ఎక్స్‌పోర్ట్_డెస్క్_హన్మకొండ

బ్యాంకు దిక్కు నుంచి చూస్తే మీ ఎంక్వైరీలో రెండు జెండాలు. పైసలు పంపేవాడు, కొనేవాడు వేరు. పైసలు వచ్చే దేశం, సరుకు వెళ్ళే దేశం వేరు.

మూడో పార్టీ చెల్లింపు చట్టవిరుద్ధమేం కాదు, రిజర్వు బ్యాంకు షరతులతో అనుమతిస్తుంది. కాకపోతే ఆ మూడో పార్టీ ఎవరు, కొనేవాడికి ఏమవుతాడు, ఎందుకు కడుతున్నాడు అనేదానికి కాగితం ఉండాలి. ఆర్డరులోనో ఒప్పందంలోనో ఆ పేరు ముందే రాసి ఉండాలి. డబ్బు ఖాతాలో పడ్డాక "మా సిస్టర్ కన్సర్న్" అని ఉత్తరం తెస్తే డెస్క్ మీద నమ్మరు.

డాలర్లలో అయితే చెల్లింపు న్యూయార్క్ కరెస్పాండెంట్ బ్యాంకు మీదుగా తిరుగుతుంది. అక్కడ పేరు తగిలితే రెండు రకాలుగా జరుగుతుంది, తేడా తెలుసుకోండి. రిజెక్ట్ అయితే డబ్బు వెనక్కి పోతుంది, సరుకు మీ దగ్గరే ఉంటుంది, నష్టం తక్కువ. ఎస్‌డీఎన్ (అమెరికా ఆస్తులు స్తంభింపజేసినవాళ్ళ) జాబితాలోని వాడికి అందులో వాటా ఉందని తేలితే బ్లాక్ చేస్తారు. అప్పుడు అది అమెరికాలో విడి ఖాతాలో పడి అక్కడే ఉంటుంది, ఓఫాక్ లైసెన్సు ఇచ్చేదాకా కదలదు. మీరు సరుకు పంపేసి ఉంటే సరుకూ పోయింది, పైసలూ పోయాయి.

అడ్వాన్సు వచ్చాక అనుమానం వస్తే ఇంకో జాగ్రత్త: "వద్దులెండి, డబ్బు ఫలానా వేరే ఖాతాకు తిప్పి పంపండి" అంటే పంపొద్దు. ముందు బ్యాంకుకు రాతపూర్వకంగా చెప్పండి. వచ్చిన దారినే, బ్యాంకు చెప్పినట్టే తిప్పాలి.

#8 కాజీపేట్_సూటిగా

అన్నీ మంచిగనే ఉన్నయి గని, అమెరికా ఆంక్షలు పెడితే మనకేంది? మన ప్రభుత్వమే ఏకపక్ష ఆంక్షలను ఒప్పుకోమని చెప్తున్నది కదా.

#9 వకీల్_సుబేదారి

రెండూ కలిపి మాట్లాడుతున్నారన్నా, విడదీయాలి.

ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి పెట్టినవి మనకు కట్టుబాటు. 1947 నాటి ఐక్యరాజ్యసమితి (భద్రతా మండలి) చట్టం కింద కేంద్రం వాటిని అమల్లోకి తెస్తుంది. ఉత్తర కొరియా మీద 2006 నాటి 1718 తీర్మానం, ఆ తర్వాతి వరుస అంతా దీని కిందికే. ఇరాన్ సంగతి కాస్త చిక్కు. 2025 సెప్టెంబర్ 28న పాత తీర్మానాలు తిరిగి అమల్లోకి వచ్చాయని యూరప్ దేశాలు, అమెరికా అంటున్నాయి. రష్యా, చైనా ఒప్పుకోవడం లేదు. బ్యాంకులు మాత్రం వచ్చినట్టే లెక్కవేసి నడుస్తాయి.

వీటికి తోడు మన సొంత చట్టాలు. 2004 నాటి 1540 తీర్మానం తర్వాత 2005లో మహావిధ్వంసక ఆయుధాల చట్టం తెచ్చాం. అనుమతి లేని ఎగుమతికి సెక్షన్ 16 కింద మొదటిసారి 3 లక్షల నుంచి 20 లక్షల రూపాయల దాకా జరిమానా, మళ్ళీ చేస్తే 6 నెలల నుంచి 5 ఏళ్ళ జైలు. తెలిసి సాయపడితే వేరే సెక్షన్లు, శిక్షలు ఇంకా గట్టివి. 2022 సవరణతో సెక్షన్ 12ఎ వచ్చింది: ఇలాంటి పనికి డబ్బు సమకూర్చడం కూడా నేరం, ఆస్తులు స్తంభింపజేయొచ్చు. కొనేవాడు అమెరికా జాబితాలో లేడన్నది ఈ కేసుల్లో వాదనకే పనికిరాదు.

అమెరికావి మన కోర్టులో కట్టుబాటు కావు, నిజమే. కానీ 2024 అక్టోబర్ 30న రష్యాకు సరుకు అందిస్తున్నారని సుమారు 400 మందిని జాబితాకెక్కించినప్పుడు అందులో 19 భారతీయ సంస్థలున్నాయి. వాళ్ళు మన చట్టం తప్పారని మన ప్రభుత్వం అనలేదు. అయినా డాలరు దారి మూసుకుపోతుంది, విదేశీ బ్యాంకు ఖాతాలు మూస్తారు, సాఫ్ట్‌వేర్ లైసెన్సులు రెన్యువల్ కావు. 2023 డిసెంబర్‌లో వచ్చిన అమెరికా అధ్యక్షుడి 14114 ఉత్తర్వు తర్వాత రష్యా సైనిక పరిశ్రమకు సాయపడే విదేశీ బ్యాంకునే శిక్షించే వీలుంది. అందుకే మీ బ్రాంచి మేనేజరు మీకన్నా ముందే భయపడతాడు.

#10 కాజీపేట్_సూటిగా

సమజైంది. అంటే చట్టం కాదు, బ్యాంకు ఆపుతది.

#11 జాబితా_జల్లెడ

పేరు వెతకడం గురించి. మొదటి పోస్టులో "పేరు కొడితే ఏం రాలే" అన్నారు. ఎట్లా కొట్టారన్నది ముఖ్యం.

ఓఫాక్ సెర్చ్ పేజీలో కనీస స్కోరు అని ఒక స్లైడర్ ఉంటుంది, మొదట 100 మీద ఉంటుంది. అంటే అక్షరం అక్షరం కలవాలి. దాన్ని 85కు, అరబ్బీ, ఫార్సీ, చైనీస్ పేర్లకైతే 80కి దించండి. ఒకే ఫార్సీ పేరును ఇంగ్లిష్‌లో నాలుగు రకాలుగా రాస్తారు. పేరులో "జనరల్ ట్రేడింగ్", "ఎఫ్‌జెడ్‌ఈ", "ఎల్‌ఎల్‌సీ" లాంటి తోకలు తీసేసి అసలు మాట ఒక్కటే కొట్టండి. తర్వాత అడ్రసు పెట్టెలో వీధి పేరు, భవనం పేరు కొట్టండి. ఇది ఎవరూ చేయరు. ఫోన్ నంబరు, మెయిల్ డొమైన్ విడిగా గూగుల్‌లో కోట్స్ మధ్య పెట్టి వెతకండి.

అడ్రసు ఎందుకంటే, పేరు పెట్టడానికి ఒక పూట చాలు. ఆఫీసు, అకౌంటెంటు, ఫోన్ లైను, సరుకు దించుకునే గోడౌను అంత తేలిగ్గా మారవు. అమెరికా వాణిజ్య శాఖ 2024 జూన్‌లో హాంకాంగ్‌లోని 8 అడ్రసులనే ఎంటిటీ లిస్టుకెక్కించింది, కంపెనీ పేరు లేకుండానే. ఆ అడ్రసులో ఎవరున్నా, వాళ్ళకు అమెరికా సరుకు పంపాలంటే లైసెన్సు అడగాలి. సెక్రటేరియల్ సర్వీసు ఆఫీసు ఒక్కటే వందల కంపెనీలకు చిరునామా ఇస్తుంది కాబట్టి పేరు వెంట పరుగెత్తడం దండగని వాళ్ళకూ అర్థమైంది.

అమెరికావే చాలా జాబితాలు: ఎస్‌డీఎన్, ఎంటిటీ లిస్ట్, అన్‌వెరిఫైడ్ లిస్ట్, మిలిటరీ ఎండ్ యూజర్ లిస్ట్. అన్నీ ఒకేచోట వెతికే కన్సాలిడేటెడ్ స్క్రీనింగ్ లిస్ట్ ఉచితమే. ఎస్‌డీఎన్‌లో పేరు పక్కన ఎన్‌పీడబ్ల్యూఎండీ అన్న గుర్తు ఉంటే అది 2005 నాటి 13382 ఉత్తర్వు కింద ఆయుధ వ్యాప్తికి సంబంధించిన కేసు. యూరప్ జాబితా, బ్రిటన్ జాబితా, ఐక్యరాజ్యసమితి ఉమ్మడి జాబితా విడిగా చూడాలి.

ఇక వాటాలు. ఓఫాక్ లెక్కలో జాబితాకెక్కినవాళ్ళ వాటాలు కలిపి 50 శాతం లేదా ఎక్కువైతే ఆ కంపెనీ పేరు జాబితాలో లేకపోయినా ఆంక్షల కిందికే వస్తుంది. ఇద్దరికి చెరి 25 ఉన్నా కలుపుతారు. యూరప్ వాళ్ళ లెక్కలో వాటాతో పాటు, చేతిలో పట్టు ఉన్నా చాలు. ఎంటిటీ లిస్టుకు కూడా 50 శాతం నిబంధన 2025 సెప్టెంబర్ 29న తెచ్చి, నవంబర్ 10 నుంచి ఏడాదిపాటు ఆపారు. ఆగింది కదా అని వాటాదారుల వివరం అడగడం మానకండి.

#12 నిట్_పాత_బ్యాచ్

పైదానికి ఒక ముక్క. కంపెనీ పుట్టిన తేదీ చూడండి. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ మీద రష్యా యుద్ధం మొదలయ్యాక పుట్టి, వెబ్‌సైటులో బొమ్మలు తప్ప కేటలాగు లేకుండా, ఒకే నెలలో బేరింగులూ మైక్రోచిప్‌లూ పాలపొడీ కొనే ట్రేడింగ్ కంపెనీ అయితే కుర్చీలోంచి లేచి నిలబడాలి. హాంకాంగ్ కంపెనీల రిజిస్ట్రీలో పుట్టిన తేదీ తెలుసుకోవడానికి కష్టమేం లేదు.

యూరప్, అమెరికా, బ్రిటన్, జపాన్ కలిసి తయారుచేసిన అత్యంత ప్రాధాన్య జాబితాలో 50 కస్టమ్స్ సరుకు నంబర్లు, అంటే హెచ్‌ఎస్ కోడ్లున్నాయి. రష్యా క్షిపణుల్లో, డ్రోన్లలో దొరికిన భాగాలు, అలాంటివాటి తయారీకి వాడే యంత్రాలు చూసి రాసిన జాబితా అది. మొదటి వరుసలో నాలుగు రకాల ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్లు: 8542.31, 32, 33, 39. మన షాపులకు తగిలేవి కింది వరుసల్లో ఉన్నాయి: బాల్ బేరింగులు 8482.10, టేపర్ రోలర్లు 8482.20, మెషీనింగ్ సెంటర్లు 8457.10, సీఎన్సీ లేతులు 8458.11, మెషీన్ టూల్ విడిభాగాలు 8466.93. పాత సీఎన్సీ అమ్ముకునేవాళ్ళు ఈ చివరి మూడు గుర్తుంచుకోవాలి. వీటిలో చాలావాటికి మన దగ్గర స్కోమెట్ లైసెన్సు అక్కర్లేదు. అందుకే మధ్యలో మనల్ని వాడుకుంటారు.

అమెరికాలో తయారైన చిప్ వరంగల్‌లో మూడేళ్ళు అలమారాలో ఉన్నా, బయటికి పంపేటప్పుడు అమెరికా ఎగుమతి నిబంధన దాని వెంటే ఉంటుంది. యూరప్ కంపెనీ దగ్గర కొన్నదైతే కాంట్రాక్టులో "రష్యాకు తిరిగి అమ్మరాదు" అన్న క్లాజు ఉందేమో చూడండి. 2024 మార్చి 20 నుంచి కొన్ని రకాల సరుకుకు వాళ్ళు అది పెట్టి తీరాలి.

#13 కరీంనగర్_గ్రానైట్

కంటైనర్ల సంగతి నేను చెప్త. బిల్ ఆఫ్ లేడింగ్ (ఓడ కంపెనీ ఇచ్చే సరుకు రసీదు) మీద మూడు పేర్లుంటయి: పంపేటోడు, అందుకునేటోడు, నోటిఫై పార్టీ. అందుకునేటోని కాడ ఫ్రైట్ ఫార్వర్డర్ పేరు పెట్టమంటే ఆగాలె. ఫార్వర్డర్ సరుకు వాడడు, మోస్తడు. మధ్య రేవుల స్విచ్ బిల్ చేస్తమంటే, అంటే అక్కడ పాత బిల్లు తీసేసి కొత్త పేర్లతో కొత్త బిల్లు ఇస్తరన్నట్టు, ఎందుకో రాసియ్యమనాలె. గ్రానైటుల ధర దాచుకోనీకి ట్రేడర్లు స్విచ్ బిల్ వాడుతరు, అది మామూలే. 7075 గొట్టాలకు ఎందుకు?

ఎక్స్-వర్క్స్ రేటు మీద పట్టుబట్టేటోడు ఇంకో రకం. "మీ గేటు కాడ ఇయ్యి చాలు, మిగిలింది మేం చూసుకుంటం" అంటడు. సనత్‌నగర్ ఐసీడీ (కంటైనర్ డిపో)ల కస్టమ్స్ ముంగట నిలబడేది మళ్ళ నీ ఐఈసీనే.

కాగితం మీద ఒకటి, పెట్టెల ఒకటి అన్నది మన రేవులల్లనే దొరికింది. 1999 జూన్‌ల, కార్గిల్ నడుస్తున్నప్పుడు, కాండ్లాల కూ వోల్ సాన్ అనే ఉత్తర కొరియా ఓడల చక్కెర తోపాటు నీటి శుద్ధి యంత్రాలని రాసిన పెట్టెలు. ఇప్పి చూస్తే క్షిపణి భాగాలు, డ్రాయింగులు. 2020ల మళ్ళ కాండ్లాలనే, కరాచీ దిక్కు పోయే ఓడల ఇండస్ట్రియల్ డ్రయర్ అని రాసింది క్షిపణుల తయారీకి పనికొచ్చే ఆటోక్లేవ్ అని తేలింది. 2024 జనవరిల నవాషేవాల ఆపిన సీఎన్సీ యంత్రాలకు కాగితం మీద ఉన్న పంపేటోడు, అందుకునేటోడు అసలోళ్ళు కారని బయటపడ్డది.

ఓడ పేరు ఆర్టీసీ బస్సు బోర్డు లెక్క, ఎప్పుడంటే అప్పుడు మారుస్తరు. ఏడంకెల ఐఎంఓ నంబరు మాత్రం ఓడ పుట్టినకాడికెల్లి తుక్కయ్యేదాక అదే. 2013ల పనామాల చక్కెర బస్తాల కింద మిగ్ విమానాలు దొరికిన ఓడ కంపెనీని 2014ల జాబితాకెక్కిస్తే, దాని ఓడలకు పేర్లు మార్చి, ఒక్కో ఓడకు ఒక్కో కంపెనీ పెట్టిండ్రు. అందుకే భద్రతా మండలి 2016ల ఐఎంఓ నంబర్లతోని జాబితా రాసింది. బుకింగ్ వచ్చినంక ఫార్వర్డర్‌ను ఓడ పేరు కాదు, ఐఎంఓ అడుగు.

#14 జగిత్యాల_టు_షార్జా

ఎగుమతి చేసేటోళ్ళ గురించే మాట్లాడుతున్రు. గల్ఫ్‌ల ఉన్న మన పిల్లల సంగతి కూడ రాయాలె.

ముసుగు కంపెనీకి లైసెన్సు మీద ఒక మనిషి పేరు కావాలె. 2021 జూన్ నుంచి యూఏఈ మెయిన్‌ల్యాండ్‌ల కూడ విదేశీయుడు చాలా రకాల కంపెనీలు నూటికి నూరు శాతం పెట్టుకోవచ్చు, ఫ్రీజోన్‌ల అంతకు ముందే ఉండె. ఆఫీస్ బాయ్, డ్రైవర్, స్టోర్ కీపర్ లాంటోళ్ళను "మేనేజర్ అని రాస్తం, నెలకు ఇంత ఎక్కువిస్తం" అని సంతకం అడుగుతరు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ దిక్కుకెల్లి పోయిన తమ్ముళ్ళు అరబ్బీ కాగితం మీద సంతకం పెట్టకున్రి. ట్రేడ్ లైసెన్సు, మెమొరాండం, బ్యాంకు సిగ్నేచర్ కార్డు, పవర్ ఆఫ్ అటార్నీ: ఈ నాలుగింట్ల ఏ దాంట్ల నీ ఎమిరేట్స్ ఐడీ నంబరున్నా నువ్వు ఉద్యోగివి కాదు, కంపెనీవి.

కంపెనీతో పాటు డైరెక్టరును, మేనేజరును కూడ పేరు పెట్టి జాబితాకెక్కిస్తరు.

#15 మంచిర్యాల_చిన్నోడు

అట్ల ఎక్కితే తీయించుకోవచ్చా అన్నా?

#16 వకీల్_సుబేదారి

దారి ఉంది, పొడుగ్గా ఉంటుంది. ఐక్యరాజ్యసమితి 1718 జాబితా అయితే 2006 నాటి 1730 తీర్మానంతో పెట్టిన ఫోకల్ పాయింట్‌కు నేరుగా దరఖాస్తు పెట్టొచ్చు. విచారించి సిఫారసు చేసే అంబుడ్స్‌పర్సన్ అల్ ఖైదా, ఐసిస్ జాబితాకే ఉన్నారు, మిగతావాటికి లేరు. ఓఫాక్‌కు మెయిల్ మీదే పిటిషన్ పెట్టొచ్చు, ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు. వాళ్ళు ప్రశ్నల పట్టిక పంపుతారు. సంతకం తనదేనా, వాటా ఉందా, డబ్బు ఎవరిచ్చారు, ఎప్పుడు బయటికొచ్చాడు అని. రాజీనామా పత్రం, రిజిస్ట్రీలో పేరు తీసేసిన కాపీ, జీతం పడ్డ బ్యాంకు స్టేట్‌మెంటు దాచుకున్నవాడికే జవాబు చెప్పే వీలుంటుంది. పేరు ఒకటే కావడం వల్ల ఇరుక్కుంటే అది వేరే సంగతి, పుట్టిన తేదీ, పాస్‌పోర్టు చూపి బ్యాంకు దగ్గరే తేల్చుకోవాలి.

#17 స్కోమెట్_కిటికీ

ఎండ్ యూజర్ సర్టిఫికెట్ గురించి ఎవరూ రాయలేదు. అదొక్కటి చేతికొస్తే అయిపోయిందనుకుంటారు.

కొనేవాడు, మధ్యవర్తి, అందుకునేవాడు, అసలు వాడేవాడు వేరువేరైతే అందరి నుంచీ కావాలి. అసలు వాడేవాడి లెటర్‌హెడ్ మీద, ఆర్డరు నంబరు, వస్తువు, పరిమాణం, వాడే చోటు, వాడే పని రాసి సంతకం చేయాలి. ఆయుధాలకు వాడం, అనుమతి లేకుండా తిరిగి అమ్మం అన్న హామీ ఉండాలి. డీజీఎఫ్‌టీ పోర్టల్లో దరఖాస్తుతో పాటు సాంకేతిక స్పెసిఫికేషన్, ఆర్డరు కాపీ, ఇవన్నీ ఎక్కించాలి. అంతర్ మంత్రిత్వ శాఖల బృందం చూస్తుంది. వాళ్ళ దగ్గర ఆగేవి ఎక్కువగా రెండు కారణాలకు: ఆర్డరులో 240, సర్టిఫికెట్లో 200 లాంటి తేడాలు, లేదా వాడకం దగ్గర "పారిశ్రామిక అవసరాలు" అని ఒక్క ముక్క రాసి వదిలేయడం.

నిజమైనదేనా అని చూడటానికి సర్టిఫికెట్ మీదున్న ఫోన్ నంబరుకు చేయకండి, అది వాడిచ్చిందే. ఆ ఫ్యాక్టరీ సొంత వెబ్‌సైటు నుంచో రిజిస్ట్రీ నుంచో నంబరు తీసుకుని కొనుగోలు విభాగానికి చేయండి. ఉపగ్రహ చిత్రంలో అడ్రసు చూడండి. పంపుల ఫ్యాక్టరీ అన్నచోట అపార్ట్‌మెంటు ఉంటే మాట్లాడాల్సింది ఇక లేదు.

#18 నిట్_పాత_బ్యాచ్

డ్రాయింగులు కూడా ఎగుమతే. కంప్యూటర్ ముందు కూర్చుని ఫ్రీలాన్స్‌గా క్యాడ్ మోడళ్ళు చేసే పిల్లలు మన దగ్గర చాలామంది. నియంత్రిత వస్తువు తయారుచేసే సాంకేతికత మెయిల్లో వెళ్ళినా, క్లౌడ్ ఫోల్డర్ లింకులో వెళ్ళినా స్కోమెట్ వర్తిస్తుంది. కంటైనర్ లేదు కాబట్టి కస్టమ్స్ ఆపదు, అంతే తేడా.

#19 కాజీపేట్_సూటిగా

ఇంత చేసినా వాళ్ళు ఆగుతున్రా అసలు? జాబితాల పెట్టుడు, పేరు మార్చుడు, మళ్ళ పెట్టుడు.

#20 జాబితా_జల్లెడ

పూర్తిగా ఆగడం లేదు. చైనాలోని దాల్యన్ నుంచి ఇరాన్ క్షిపణులకు సరుకు పంపిన లిమ్ట్ అనే కంపెనీని అమెరికా 2006లో జాబితాకెక్కించింది. అదే వ్యాపారి కొత్త పేర్లతో నడిపాడు, 2014లో ఇంకో ఎనిమిది కంపెనీలను చేర్చి, అతని మీద 50 లక్షల డాలర్ల బహుమానం ప్రకటించాల్సి వచ్చింది. ఉత్తర కొరియా సైనిక రేడియోలు అమ్మిన గ్లోకామ్ అయితే మలేషియా కంపెనీనని చెప్పుకుంటూ వెబ్‌సైటే పెట్టుకుంది. 2016లో ఎరిట్రియాకు వెళ్తున్న 45 పెట్టెలు పట్టుబడ్డాకే కథ బయటికొచ్చింది. దాన్ని రాసింది ఐక్యరాజ్యసమితి నిపుణుల బృందం. రష్యా వీటో వల్ల 2024 ఏప్రిల్ 30తో ఆ బృందమే లేకుండా పోయింది. ఇప్పుడు 11 దేశాలు విడిగా ఒక పర్యవేక్షక బృందం పెట్టుకున్నాయి, దానికి భద్రతా మండలి ముద్ర లేదు.

కానీ ఖర్చు పెరుగుతుంది. ప్రతి కొత్త పేరుకు కొత్త ఖాతా, కొత్త మధ్యవర్తి, కొత్త కమీషన్ కావాలి. రేటు మీద బేరం చేయని కొనుగోలుదారు ఎందుకు బేరం చేయడో ఇక్కడ తెలుస్తుంది.

#21 మడికొండ_లేత్

సరే, ఇప్పుడు మెయిల్ ఏం పెట్టాలె? మర్యాదగ ఉండాలె, పోలీసు లెక్క కాదు.

#22 ఎక్స్‌పోర్ట్_డెస్క్_హన్మకొండ

ఇట్లా పెట్టండి: "మీ ఎంక్వైరీకి ధన్యవాదాలు. 75 మి.మీ. దాటిన 7075 గొట్టం భారత ఎగుమతి నియంత్రణ జాబితా కిందికి వస్తుంది కాబట్టి లైసెన్సు దరఖాస్తుకు ఈ వివరాలు కావాలి: అసలు వాడే సంస్థ పేరు, ఫ్యాక్టరీ అడ్రసు, పంపు మోడల్, అసెంబ్లీ డ్రాయింగ్, అసలు వాడే సంస్థ లెటర్‌హెడ్ మీద ఎండ్ యూజర్ సర్టిఫికెట్, 25 శాతం దాటిన వాటాదారుల పేర్లు, చెల్లించే హాంకాంగ్ కంపెనీతో మీ సంబంధానికి కాగితం. లైసెన్సు వచ్చేదాకా అడ్వాన్సు తీసుకోలేము."

చివరి వాక్యం మరవొద్దు. అడ్వాన్సు పడితే మీ మీద ఒత్తిడి మొదలవుతుంది.

#23 స్కోమెట్_కిటికీ

జవాబుగా "అయితే 6061 చేయండి" అనో "వ్యాసం 74కు తగ్గించండి" అనో వస్తే అదీ రాసిపెట్టుకోండి. పంపుల వాడు స్లీవు వ్యాసం అలా మార్చుకోలేడు, షాఫ్టు ఒప్పుకోదు. అలాంటి మార్పు అడిగాడంటే క్యాచ్-ఆల్ కింద "నమ్మడానికి కారణం" మీ చేతిలో ఉన్నట్టే, ఆ మెయిల్ తర్వాత తెలియదనడం కుదరదు. డీజీఎఫ్‌టీ స్కోమెట్ విభాగానికి మొత్తం మెయిళ్ళతో రాసి పంపండి.

#24 మడికొండ_లేత్

మెయిల్ పెట్టిన, బ్యాంకు అక్కకు కాపీ పోయింది. ఎస్టేటుల మిగతా షాపులోళ్ళకు కూడ ఇదే ఎంక్వైరీ పోయిందేమో అడుగుతున్న. ఒక్కనికి 240 అయితే, పదిమందికి ముక్కలు చేసి ఇస్తున్నడా అన్నది తెల్వాలె.

#25 స్కోమెట్_కిటికీ

మంచి పని. అడిగేటప్పుడు డ్రాయింగ్ పంపకండి, కింద కుడిమూల టైటిల్ బ్లాకులో ఉన్న డ్రాయింగ్ నంబరు, రివిజన్ అక్షరం చాలు. అవి కలిస్తే కొనేవాడు ఒక్కడే, మెయిల్ ఏ కంపెనీ పేరుతో వచ్చినా సరే. లైసెన్సు రికార్డులు 5 ఏళ్ళు ఉంచాలన్నది నిబంధన. వద్దన్న ఎంక్వైరీలను కూడా అదే ఫైల్లో పెట్టండి.